జానెడు మీద నాలుగు వేళ్ళు

మా అమ్మమ్మ తలుచుకుంటే భూగోళానికి చొక్కా కుట్టి పారేస్తుంది. పై ధ్రువం దగ్గర కాలరు, నడిమధ్యన నడుం పట్టీ, సముద్రాల దగ్గర కాస్త వదులు, కొండలున్నచోట కుచ్చులు. మిగిలిన గుడ్డలో చంద్రుడికి టోపీ తీస్తుంది. అప్పటికీ పేలిక మిగిలితే కళ్ళజోడు తుడుచుకోమని మా తాతయ్యకి ఇస్తుంది. నమ్మనివాళ్ళు వచ్చి ఆవిడ పనిచేసిన బల్ల కింద వెతుక్కోవచ్చు. బొమ్మకి జేబురుమాలు తీద్దామన్నా ముక్క దొరకదు.

ఆవిడ కటింగ్ మాస్టర్. ఆస్పత్రులకీ హోటళ్ళకీ యూనిఫాంలు తయారుచేసే కార్ఖానాలో, పెళ్ళయిన కొత్తల్లో, పేలికలు ఊడ్చే పనికి చేరింది. కిందపడిన పేలికల్ని చూసి పైన ఎవరు ఎక్కడ గుడ్డ పాడుచేశారో చెప్పడం మొదలుపెట్టింది. ఆ నోటికి తట్టుకోలేక ఒకరోజు అప్పటి మాస్టరు, "అంత తెలిస్తే నువ్వే కొయ్యి" అని కత్తెర చేతికిచ్చి టీకి వెళ్ళాడు. తిరిగొచ్చి చూసుకుని, కత్తెర వెనక్కి అడగలేదు. అప్పట్నుంచి ఆవిడ కార్ఖానాలో అందరికీ మాస్టరమ్మ. ఇంట్లో తాతయ్యకి కూడా మాస్టరే. ఆయన బస్సు డ్రైవరుగా రిటైరై ఇప్పుడు వంటింటి డ్రైవరయ్యాడు. "మాస్టర్ గారూ, కూరలో ఉప్పెంతో సెలవియ్యండి" అని గరిటె పట్టుకుని నిలబడతాడు. "చేతికి తెలియాలండీ" అంటుంది ఆవిడ. ఆయన చేతికి ఈరోజుకీ తెలియలేదు, ఇంటిల్లిపాదీ తింటూనే ఉన్నాం.

కార్ఖానాలో కోతబల్ల హాలంత పొడుగు. ఈ చివర నుంచి ఆ చివరనున్న మనిషిని పిలవాలంటే కేకెయ్యాలి. గుడ్డ తాను విప్పి బల్లమీద పరిచాక అమ్మమ్మ వెంటనే సుద్ద పట్టుకునేది కాదు. బల్ల చివర నిలబడి, టీ తాగుతూ, గుడ్డని చూసేది. కోటు వీపు ఎక్కడ పడాలి, ముందు ముక్కలు ఎలా తిరగాలి, చంక వంపు పక్కన మిగిలే సందులో జేబు దూరుతుందా లేదా, అన్నీ ఆ టీ అయ్యేలోపు తేలిపోవాలి. తేలిపోయేవి. ఆ సర్దుడులోనే కార్ఖానా లాభమంతా ఉందని యజమాని పెద్దాయన అనేవాడు. "మీది తలకాయ తెలివి కాదు మాస్టరమ్మా, కళ్ళ తెలివి" అని కూడా అనేవాడు. అమ్మమ్మ దాన్ని మెప్పుగానే తీసుకుంది. తిట్టయ్యే వీలుందని చెప్పి చూశాను గానీ వినలేదు.

తర్వాత పెద్దాయనే ఒక ల్యాప్‌టాపూ, ముక్కలు సర్దే ఒక ప్రోగ్రామూ కొన్నాడు. ముక్కల బొమ్మలు తెరమీద ఉంటాయి, గుడ్డ పొడుగ్గా ఒక పట్టీలా ఉంటుంది, మౌస్‌తో ముక్కల్ని పట్టుకుని పట్టీమీద పేర్చుకోవాలి. ఆ ప్రోగ్రాము ఊరికే తెరుచుకోదు. వేలెడంత పుల్ల ఒకటి ల్యాప్‌టాపు పక్కన గుచ్చితేనే తెరుచుకుంటుంది. దాన్ని కార్ఖానాలో "తాళం" అనేవాళ్ళు. మోకాళ్ళు పూర్తిగా మొరాయించి, బల్ల దగ్గర నిలబడటం అమ్మమ్మవల్ల కాకుండా పోయాక, ల్యాప్‌టాపూ తాళమూ రెండూ మా ఇంటికొచ్చేశాయి.

ఇక్కడ ఆవిడ పనితీరు కొంచెం చెప్పాలి. ప్రోగ్రాములో పక్కనే అంకెలుంటాయి, ఏ ముక్క ఎంత పొడుగు, ఎంత వెడల్పు అని. ఆవిడ మొదటిరోజే వాటిని మూసేసింది. "అంకెలు చూసి కోసేది లెక్కల మాస్టరు. నేను కటింగ్ మాస్టర్ని" అని. ఆవిడ కొలత చెయ్యే. కోటు జేబు వెడల్పు తెరమీద తన బొటనవేలి కణుపంత అయ్యేదాకా బొమ్మని పెద్దది చేస్తుంది. అప్పుడు కోటు పొడుగు సరిగ్గా తన జానెడుండాలి. కోటు చెయ్యి అయితే జానెడుకి కాస్త తక్కువ. జేబు కణుపంత, కోటు జానెడు. ఎన్నో ఏళ్ళుగా ఎన్ని కోట్లు ఈ లెక్కన వెళ్ళాయో, ఒక్కటి తిరిగిరాలేదు.

కానీ బొమ్మని అంత పెద్దది చేస్తే ల్యాప్‌టాపు తెరలో గుడ్డ సగం కూడా పట్టదు. కిందకీ పైకీ, అటూ ఇటూ జరుపుకుంటూ ఉండాలి. మొదట్లో అది బాధే కాదు. ఈమధ్యే బాధయింది. ఎందుకంటే తెర జరిపేసరికి, ఇందాక ఏ మూల ఖాళీ చూసిందో ఆవిడకి గుర్తుండటం లేదు. వెనక్కి వెళ్ళి చూసుకుంటుంది. మళ్ళీ ముందుకొస్తుంది. ఈలోపు చేతిలో ఉన్న ముక్క ఏదో మర్చిపోతుంది. ఈ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో అందరికీ తెలుసు. బల్ల దగ్గరైతే గుర్తుపెట్టుకునే పనే లేదు కదా, గుడ్డంతా కళ్ళముందే ఉండేది. ఆవిడకి కావలసింది అదొక్కటే, గుడ్డంతా ఒక్కచూపులో.

పెద్దాయన పోయాక కార్ఖానా ఆయన కొడుకు చేతికొచ్చింది. అందరూ చిన్నాయన అంటారు. మంచివాడే. ఒకరోజు పొద్దున్నే ఒక పొడుగాటి అట్టపెట్టె మోయించుకుని మా ఇంటికొచ్చాడు.

"మాస్టరమ్మా, ఇది నా బల్లమీది మానిటరు. మామూలువాటికంటే బాగా వెడల్పు. గుడ్డ మొత్తం ఒకేసారి కనిపిస్తుంది. మీ దగ్గరుంటేనే దీనికి పని."

అమ్మమ్మ అట్టపెట్టె మీద చెయ్యివేసి నిమిరింది. "ఇంత పొడుగా బాబూ?"

"ఇంకో మాట కూడా ఉంది" అన్నాడు చిన్నాయన. టీ గ్లాసు చేతిలో అటూ ఇటూ తిప్పాడు. "బయట ఒకళ్ళున్నారు. ముక్కలు పంపిస్తే మిషనే సర్దేసి సాయంత్రానికి పంపించేస్తుంది. అందరూ వాళ్ళకే ఇస్తున్నారు. నాన్నగారు మాత్రం, సర్దుడు మాస్టరమ్మ చేతిమీదే జరగాలన్నారు. నాకూ అదే ఇష్టం. కానీ ఈమధ్య మీ దగ్గర్నుంచి ఆలస్యమవుతోంది. ఈ ఆస్పత్రి కోట్లు మీరు చేసి పెట్టారనుకోండి, ఇంక వాళ్ళ మాటే ఎత్తను."

"చెయ్యకపోతే?"

చిన్నాయన టీ తాగేశాడు. ఖాళీ గ్లాసులోకి కూడా కాసేపు చూశాడు. "మీరెందుకు చెయ్యరు మాస్టరమ్మా" అన్నాడు చివరికి.

ఆ పాత ల్యాప్‌టాపు ఇంత తెరని మొయ్యగలదా అని ఆయన అడగలేదు, ఆవిడ అడగలేదు, మేమెవ్వరం అడగలేదు. తీగ ఉంది, కంత ఉంది, అంతేగా అనుకున్నాం.

తీగ గుచ్చే పని తాతయ్య మీదేసుకున్నాడు. "అంత పొడుగు బస్సుని సందుల్లో తిప్పినవాణ్ణి, తీగ గుచ్చలేనా?" అని కళ్ళజోడు పైకి తోసి, ల్యాప్‌టాపు చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు.

"ఏమండీ, అది ఛార్జింగు కంత."

"తెలుసు. చూస్తున్నా."

"అది హెడ్‌ఫోన్‌ది."

"తెలుసంటున్నానా!"

మూడో కంతలో దూరింది. తెర ఒకసారి నల్లగా రెప్పవేసి, ఈ చివర నుంచి ఆ చివరదాకా భళ్ళున వెలిగింది. ఎక్కడా ఇంత జాగా వదల్లేదు. తెరమీద మా అమ్మ పెళ్ళి ఫోటో వచ్చింది. పెళ్ళికూతురు, పెళ్ళికొడుకు, వెనక తాతయ్య, అందరూ బూరెబుగ్గలతో ఉన్నారు.

తాతయ్య ఛాతీ పొంగింది. "చూశారా? నేనెప్పుడూ చెప్తూనే ఉన్నా. ఆ రోజుల్లో నిండుగా ఉండేవాణ్ణి."

"నాన్నా, నువ్వొక్కడివే కాదు, వెనక కుర్చీ కూడా నిండుగానే ఉంది" అంది అమ్మ. "మూలనున్న గడియారం చూడు, గుడ్డులా ఉంది."

"కొత్త తెర కదే, కాస్త ఘనంగా చూపిస్తుంది" అంది అమ్మమ్మ. "అందరూ పక్కకి జరగండి. నా కోట్లు నన్ను చూసుకోనివ్వండి."

జరిగాం. ఆవిడ తాళం గుచ్చి ప్రోగ్రాము తెరిచింది. గుడ్డ పట్టీ తెర పొడుగునా పరుచుకుంది. పన్నా, అంటే గుడ్డ వెడల్పు కూడా మొత్తం కనిపించింది, ఈ అంచు నుంచి ఆ అంచుదాకా. ఆవిడ కుర్చీలో వెనక్కి వాలి, చాలాసేపు అలా చూస్తూ కూర్చుంది. తర్వాత, "కాసిని టీ ఇస్తారా?" అంది. తాతయ్య పరిగెత్తుకెళ్ళి తెచ్చాడు. బల్ల చివర నిలబడి తాగినట్టే తాగింది, కూర్చునే. ఆవిడ కూనిరాగం తీయడం మేం విని చాలా కాలమైంది.

ఈ మూలో ఖాళీ, ఆ మూలో ముక్క, రెండూ ఒకేసారి కళ్ళముందున్నాయి. ఏదీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు. చేతులు వాటంతటవే నడిచాయి. జేబుని కణుపుతో కొలుచుకుంది, నిలువునా. సరిగ్గా సరిపోయింది. కోటు మీద జానెడు పెట్టింది, అడ్డంగా. కోటు జానెడు దాటి ఇంకా ఉంది. మళ్ళీ పెట్టి చూసింది. జానెడు మీద నాలుగు వేళ్ళు.

"ఈ డాక్టర్లు మనుషులా, కరెంటు స్తంభాలా?" అంది. చెయ్యి ముక్క చూసింది. అదీ అంతే, అవసరానికి మించి పొడుగు. ఆస్పత్రివాళ్ళు కొలతలు తప్పు పంపడం కొత్తేమీ కాదు. కిందటిసారి ఇద్దరు నర్సులు పట్టే గౌను కొలతలు పంపి, ఆ తప్పు ఆవిడే పట్టుకుంటే, చాలా సిగ్గుపడ్డారు. అందుకని చిన్నాయనకి ఫోన్ చేసింది.

"బాబూ, కోట్లు మరీ పొడుగున్నాయి. చేతులు కూడా. తగ్గించనా?"

"మీ చెయ్యి మీకు తెలుసు మాస్టరమ్మా. చూసి చేసెయ్యండి. గుడ్డ కలిసొస్తే ఇంకా మంచిది."

కలిసొచ్చింది మరి. ప్రతి కోటునీ నాలుగు వేళ్ళు కురచ చేస్తే కలిసిరాక ఏంచేస్తుంది? సాయంత్రానికి పంపించేసింది. చిన్నాయన ఫోన్‌లో గంతులేసినంత పనిచేశాడు. "ఇంత గుడ్డ మిగిల్చినవాళ్ళు ఎక్కడా లేరు మాస్టరమ్మా! మిషను కూడా మీ ముందు దిగదుడుపే!" అన్నాడు. అమ్మమ్మ ఫోన్ పెట్టేసి, మా అందరివైపూ ఒకసారి చూసి, జడ విప్పి మళ్ళీ వేసుకుంది. ఆవిడకి పట్టరాని సంతోషమొస్తే చేసే పని అది.

మర్నాడు చిన్నాయన మా గుమ్మంలోకి తెల్ల కోటు తొడుక్కునే వచ్చాడు. శాంపిల్ కోటు. మోకాళ్ళదాకా ఉండాల్సింది తుంటి దగ్గర ఆగిపోయింది. చేతులు మణికట్టుకీ మోచేతికీ మధ్యలో ఎక్కడో దిక్కుతోచక ఆగాయి. జేబులు మాత్రం పెద్దమనిషివే, చంకల దాకా వచ్చేశాయి.

తాతయ్యే ముందు నోరు తెరిచాడు. "ఇది డాక్టర్ గారి కోటా, డాక్టర్ గారి అబ్బాయిదా?"

చిన్నాయన చేతులు చాపి అమ్మమ్మ ముందు నిలబడ్డాడు, చొక్కా చిన్నదైందని తల్లికి చూపించే పిల్లాడిలా. అమ్మమ్మ టేపు తీసింది. ఆవిడ టేపు వాడగా చూడటం నాకదే మొదటిసారి. వీపు కొలిచింది, చెయ్యి కొలిచింది, మళ్ళీ వీపు కొలిచింది. టేపు చుట్టి ఒళ్ళో పెట్టుకుంది.

"ఎవరు కోశారు?" అంది.

"మీరు పంపినట్టే కోశారు మాస్టరమ్మా."

"అవును" అంది.

"పర్లేదు. శాంపిలే కదా. గుడ్డ తాను ఇంకా పరవలేదు" అన్నాడు చిన్నాయన. కోటు విప్పబోతే చెయ్యి ఇరుక్కుంది. అమ్మ లాగింది. "రేపు సాయంత్రానికి సరిచేసి ఇవ్వగలరా? ఎల్లుండి పొద్దున్న గుడ్డ పరుస్తారు. ఆస్పత్రివాళ్ళకి మాటిచ్చేశాను."

"ఇస్తా" అంది అమ్మమ్మ. ఆయన వెళ్ళాక కోటుని మడిచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తప్పు ఎక్కడ జరిగిందో ఆవిడకి తెలియలేదు. కళ్ళా, చెయ్యా, బుర్రా? మూడింటిలో ఏది చెప్పినా ఆవిడకి భయమే. బుర్రేనేమో అన్న భయం ఎక్కువ.

తాతయ్య చెప్పులేసుకుని వెళ్ళి స్క్రూ మావయ్యని పిలుచుకొచ్చాడు. మా వీధి మలుపులో రిపేరు కొట్టు ఆయనది. విప్పిన ప్రతిదానిలో ఒక స్క్రూ మిగిల్చేస్తాడని ఆ పేరు. బట్టతల, మంచి మనసు. అమ్మమ్మని పిన్నీ అంటాడు. వచ్చి తెరముందు నిలబడి, మా అమ్మ పెళ్ళి ఫోటో చూసి, "ఎవరు పిన్నీ ఈ పహిల్వాన్లు?" అన్నాడు.

"మేమే" అన్నాడు తాతయ్య, కొంచెం నొచ్చుకుని.

స్క్రూ మావయ్య ఇంకేం అడగలేదు. తెరమీద ఒక గుండ్రం గీశాడు. టీ సాసరు తీసి దానిమీద ఆనించాడు. సాసరుకి పైనా కిందా సరిపోయింది. అటూ ఇటూ మాత్రం గుండ్రం బయటికి పొడుచుకొచ్చింది.

"చూశావా పిన్నీ? నిలువు నిజం, అడ్డం అబద్ధం. ఈ ల్యాప్‌టాపు పాతది. దీని గొంతు సన్నం. ఆ తెర అడిగేంత బొమ్మ ఇది ఇవ్వలేదు. ఇచ్చిన కాస్త బొమ్మనే తెర అటు చివరా ఇటు చివరా పట్టుకుని లాగి పరిచేసుకుంది. చాలీచాలని దుప్పటి లాగి కప్పుకున్నట్టు. నీ కోట్లు పడుకుని ఉన్నాయి కాబట్టి పొడుగు సాగాయి. బాబాయ్ నిలబడి ఉన్నాడు కాబట్టి లావయ్యాడు."

తాతయ్య ఫోటోవైపు చూశాడు. "అంటే నేను..."

"మామూలుగానే ఉండేవాడివి బాబాయ్."

అమ్మమ్మ సాసరు తీసుకుని తనే తెరమీద ఆనించి చూసింది. బుర్ర కాదన్నమాట. ఆవిడ ముఖం కాస్త తేరుకుంది. "అయితే సరిచెయ్యి. రేపటికి కావాలి" అంది.

స్క్రూ మావయ్య కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. మానిటరు వెనక బొత్తాలు నొక్కి, బొమ్మని లాగొద్దని దానికి చెప్పాడు. వెంటనే గుండ్రం గుండ్రమైంది, తాతయ్య సన్నబడ్డాడు, తెరకి రెండు పక్కలా రెండు నల్ల గోడలు లేచాయి. వెలుగంతా మధ్యలోకి ముడుచుకుంది.

"ఆ గోడలు తీసెయ్యి" అంది అమ్మమ్మ.

"అదే చూస్తున్నా."

ల్యాప్‌టాపులోకి వెళ్ళి ఇంకాస్త వెడల్పు బొమ్మ ఇమ్మని బలవంతం చేశాడు. తెర నిండింది, ఈసారి సాగకుండానే. మేం ఊపిరి పీల్చుకునేలోపే ల్యాప్‌టాపు ఫ్యాను హోరెత్తింది. మౌస్ ఇక్కడ కదిలిస్తే బాణం కాసేపాగి, ఆలోచించుకుని, అక్కడ కదిలింది. "దింపు, దింపు! ఇంజను పోతుంది!" అని తాతయ్య అరిచాడు. అది దానంతటదే ఆరిపోయింది. కాసేపు చల్లారనిచ్చి మళ్ళీ చేశాడు. మళ్ళీ ఆరిపోయింది. సంచిలోంచి ఏదో డబ్బీ తీసి మధ్యలో తగిలించాడు. దానికి కావాల్సిన సాఫ్ట్‌వేరు ఇంత పాత ల్యాప్‌టాపుకి రాదని తేలింది.

చివరికి కొట్టుకెళ్ళి తన కొత్త ల్యాప్‌టాపు తెచ్చి ఆ తీగే గుచ్చాడు. మానిటరు ఈ అంచు నుంచి ఆ అంచుదాకా, గోడల్లేకుండా, సాగకుండా, నీళ్ళంత తేటగా వెలిగింది. అమ్మమ్మ కుర్చీ ముందుకి జరుపుకుంది. "ఇది. ఇదే నాక్కావాల్సింది. తాళం గుచ్చు."

గుచ్చాడు. ప్రోగ్రాము ఎక్కించబోయాడు. ఎక్కలేదు. తాళాన్ని ఆ కొత్త ల్యాప్‌టాపు గుర్తుపట్టలేదు. తీసి తుడిచి మళ్ళీ గుచ్చాడు. అయినా ఎవరో ముక్కూముఖం తెలియనివాడు తలుపు కొట్టినట్టే చూసింది.

"అమ్మినవాళ్ళకి ఫోన్ చేస్తే?" అంది అమ్మ.

ప్రోగ్రాము డబ్బా మీదున్న నంబరుకి చేశారు. అవతల ఒకావిడ చాలా మర్యాదగా మాట్లాడింది. ఆ నంబరిప్పుడు పళ్ళ డాక్టరుదట. ఏ పన్ను నొప్పి అని అడిగింది. ఆ కంపెనీ మూసేసి ఎన్నాళ్ళైందో ఆవిడకి తెలియదు.

స్క్రూ మావయ్య బట్టతల నిమురుకున్నాడు. "పిన్నీ, తెరని మోసేదానికి తాళం పడదు. తాళం పడినదానికి తెర మొయ్యడం రాదు. నాకు తెలిసినవన్నీ చేశాను."

"ఇంకేమీ లేదా?"

"లేదు పిన్నీ."

అమ్మమ్మ తలూపింది. "టీ తాగి వెళ్ళు" అంది.

ఆ సాయంత్రమూ, మర్నాడంతా ఆవిడ నల్లగోడల మధ్య కూర్చుంది. ఆ మధ్యలో కనిపించే జాగా ల్యాప్‌టాపు కంటే ఎక్కువే. కానీ కురచ కోట్లకి పట్టిన గుడ్డ కంటే ఇప్పుడు పొడుగు గుడ్డ కావాలి, అది గోడ వెనక్కి వెళ్ళిపోతుంది. కోట్ల కొలతలు మళ్ళీ మామూలుగా పెట్టేసరికి, మొదటిసారి తేలిగ్గా దూరిన ముక్కలు ఇప్పుడు ఒకదాన్నొకటి మోచేత్తో పొడుచుకుంటున్నాయి. అటు చివర జేబు పట్టే ఖాళీ ఉందని చూసి, ఇటు చివరకొచ్చి జేబు పట్టుకునేది. జేబు పట్టుకున్నాక, ఎక్కడికి తీసుకెళ్ళాలో తెలియక అలాగే ఆగిపోయేది. బాణం తెరమీద వణుకుతూ ఉండేది. ఒక కోటుకి ఎడం చెయ్యి రెండుసార్లు పెట్టింది. కుడి చెయ్యి లేదని మూడోసారి చూసుకుంటేగాని తెలియలేదు.

తాతయ్య వంట మానేసి పక్కన స్టూలేసుకున్నాడు. "నువ్వు చూసి చెప్పు, నేను గుర్తుపెట్టుకుంటా. అన్నేళ్ళు ఒక్క స్టాపు మర్చిపోకుండా బస్సు నడిపాను."

ఆవిడ కాదనలేదు. మామూలుగా అయితే ఇంటిని తలకెత్తేసేది. కాదనకపోవడమే మాకందరికీ దిగులు పుట్టించింది.

"మొదటి వీపు పక్కన సన్న సందు. నడుం పట్టీ పడుతుంది" అంది.

"మొదటి స్టాపు, సన్న సందు, పట్టీ" అన్నాడు తాతయ్య.

"తర్వాత చంక వంపులో కాస్త. జేబు దూరచ్చు."

"రెండో స్టాపు, చంక, జేబు. ఊఁ, పోనీ."

"ఆ చివర, కిందంచున, కాలరు."

"ఆఖరి స్టాపు, కాలరు. రైట్!"

కొంతసేపు బాగానే నడిచింది. తాతయ్య కండక్టరులా స్టాపులు చెప్తుంటే ఆవిడ ముక్కలు దింపుకుంటూ పోయింది. ఇద్దరి ముఖాల్లోనూ వెలుగొచ్చింది. తర్వాత ఒక వీపు ముక్కని వేలెడు పక్కకి జరపాల్సి వచ్చింది. అది జరిగితే పక్కది జరిగింది. పక్కది జరిగితే దాని పక్కది. చంక దగ్గర ఖాళీ మూసుకుపోయి, ఇంకెక్కడో తెరుచుకుంది.

"జేబు రెండో స్టాపులో కదా" అన్నాడు తాతయ్య.

"అక్కడిప్పుడు ఖాళీ లేదండీ."

"ఇందాక ఉందిగా?"

"ఇందాకుంది."

"మరి ఎక్కడికెళ్ళింది?"

ఆవిడ తెరని అటు జరిపింది, ఇటు జరిపింది. "తెలియట్లేదండీ" అంది. మాట మెల్లిగా వచ్చింది.

తాతయ్య చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. "రూటే మారిపోయింది కదే" అన్నాడు. అన్నేళ్ళు బస్సు నడిపిన మనిషికి రోడ్డు తనంతట తాను జరిగిపోతే ఏంచెయ్యాలో ఎవరూ నేర్పలేదు. ఇద్దరూ తెరముందు అలా కూర్చుండిపోయారు, సర్వీసు లేని స్టాపులో కూర్చున్నట్టు.

ఫోన్ మోగింది. చిన్నాయన. అమ్మమ్మ స్పీకరు నొక్కింది.

"మాస్టరమ్మా, ఎంతవరకొచ్చింది?"

"సగం కూడా కాలేదు బాబూ." అబద్ధమాడటం ఆవిడకి ఎప్పుడూ చేతకాలేదు. "రాత్రికి కూడా కాదు."

"పర్లేదు మాస్టరమ్మా. నేను... ముందుజాగ్రత్తకి పొద్దున్నే వాళ్ళకి కూడా పంపించాను. సర్దేసి పంపించేశారు. ఇక్కడే ఉంది."

తాతయ్య స్టూలు మీంచి లేచాడు. అమ్మమ్మ చెయ్యెత్తి ఆపింది.

"ఎంత గుడ్డ పోతోంది?" అని అడిగింది.

"మీరు చేసేదానికంటే కొంచెం ఎక్కువే పోతోంది. పెద్ద తేడా ఏంకాదు."

"చంక వంపు పక్కన జేబు పెట్టుకోమను. అక్కడ వదిలేసుంటారు."

చిన్నాయన చూసినట్టున్నాడు. "అవును, వదిలేశారు. కానీ అది మిషను మాస్టరమ్మా. మనం చెప్తే వినదు."

"అట్లాగా" అంది ఆవిడ.

"మీరు విశ్రాంతి తీసుకోండి. అప్పుడప్పుడు కారు పంపిస్తా, కార్ఖానాకొచ్చి కూర్చోండి. మానిటరు మీ దగ్గరే ఉంచుకోండి. దయచేసి ఉంచుకోండి."

"సరే బాబూ. కోట్లు బాగా రావాలి" అని ఫోన్ పెట్టేసింది. ప్రోగ్రాము మూసి, తాళం లాగి, ల్యాప్‌టాపు మూసింది. అవతల మానిటరు మాత్రం సిగ్నలు లేదని రాసి చూపిస్తూ, ఆ రాసిందాన్ని ఈ చివర నుంచి ఆ చివరకి తీసుకెళ్తూ, చాలాసేపు వెలుగుతూనే ఉంది. దాన్ని ఆపే బొత్తం ఎక్కడుందో స్క్రూ మావయ్యకి తప్ప ఎవరికీ తెలియదు.

ఇప్పుడు ఆ తెరమీద తాతయ్య పాత ఆటల పోటీలు చూస్తాడు. నల్లగోడలు ఆయనకి గిట్టవు. మళ్ళీ సాగదీయించుకున్నాడు. బంతి గుడ్డులా దొర్లుతుంది, ఆటగాళ్ళందరూ పహిల్వాన్లు. తాళం పుల్ల గోడకున్న మేకుకి ఇంటి తాళాలతోపాటు వేలాడుతోంది. బయటికెళ్ళేటప్పుడు అమ్మ ఒక్కోసారి పొరపాటున దాన్నే తీసి గుమ్మందాకా వెళ్తుంది. కురచ కోటు ఎవరికీ సరిపోక నాకొచ్చింది. ఇది రాస్తున్నప్పుడు కూడా అదే తొడుక్కున్నాను. చేతులు కురచ కాబట్టి సిరా అంటదు, జేబులు పెద్దవి కాబట్టి ఏం దాచినా పడుతుంది.

రాసిందంతా అమ్మమ్మకి చదివి వినిపించాను. కిటికీ దగ్గర మోకాళ్ళకి వేడినీళ్ళ సంచి పెట్టుకుని కూర్చుని విన్నది. ఫోటో దగ్గర నవ్వింది. స్టాపుల దగ్గర తాతయ్య వైపు చూసింది. చిన్నాయన ఫోన్ దగ్గర కళ్ళు మూసుకుంది. నిద్రపోయిందేమో అనుకున్నాను. అయిపోయాక, "ఎలా ఉంది అమ్మమ్మా? నిన్ను ఎంత ఎత్తున కూర్చోబెట్టానో చూశావా?" అన్నాను.

కళ్ళు తెరవకుండానే జవాబు చెప్పింది.

"భూగోళానికి చొక్కా కుట్టడమేంటే? నా జన్మలో సూది పట్టానా? నేను కోసేదాన్ని. ఇప్పుడు అదీ లేదు. అలాగే రాయి."